కొత్త విద్యుత్ వాహనం పదేపదే మొరాయిస్తే...
చట్టం అండ ఉంది, జాబ్‌కార్డే ఆధారం

ఆదోని, ఎమ్మిగనూరు: పెట్రోలు ఖర్చు తగ్గుతుందన్న ఆశతో అప్పుచేసి విద్యుత్ స్కూటర్ కొన్న కుటుంబానికి నెల తిరగకముందే చిక్కులు మొదలవుతున్నాయి. నడుస్తున్న బండి నడిరోడ్డుపై ఆగిపోతుంది. రాత్రంతా ఛార్జింగ్ పెట్టినా తెల్లవారేసరికి సగమే నిండుతుంది. షోరూంకు తీసుకెళితే సాఫ్ట్‌వేర్ సరిచేశామని చెప్పి పంపుతారు. పది రోజులకు అదే లోపం మళ్లీ తలెత్తుతుంది. మరోవైపు ఫైనాన్స్ కంతు మాత్రం నెలనెలా తప్పదు. ఈ పరిస్థితిలో ఉన్న కొనుగోలుదారుకు వాహనం మార్పించుకునే హక్కు, చెల్లించిన సొమ్ము వాపసు పొందే హక్కు 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కల్పించింది. అయితే ఆ హక్కు తనంతట తానుగా చేతికి అందదు. లోపం ఎన్నిసార్లు వచ్చింది, ఎవరికి ఎప్పుడు తెలియజేశారు, వారు ఏమి చేశారు అన్నది కాగితంపై చూపగలిగిన వారికే ఫలితం దక్కే అవకాశం ఎక్కువ.

రెండు కృష్ణగిరుల నడుమ

కర్నూలు జిల్లాలో కృష్ణగిరి మండలం ఉంది. అదే పేరుతో తమిళనాడులో ఒక జిల్లా ఉంది. దేశంలో విద్యుత్ ద్విచక్ర వాహనాల తయారీకి ఆ జిల్లా ప్రధాన కేంద్రాలలో ఒకటిగా ఎదిగింది. ఓలా ఎలక్ట్రిక్ కర్మాగారం అక్కడి పోచంపల్లి వద్ద ఉండగా, ఏథర్, టీవీఎస్ సంస్థల కర్మాగారాలు అదే జిల్లాలోని హోసూరులో ఉన్నాయి. అంటే ఆ కృష్ణగిరిలో తయారైన బండి ఈ కృష్ణగిరిలో చెడిపోతే, పోరాటం ఎక్కడ సాగించాలన్నది కొనుగోలుదారుకు ఎదురయ్యే మొదటి ప్రశ్న.

1986 నాటి పాత చట్టం ప్రకారం ప్రతివాది నివాసమున్న చోట, వ్యాపారం చేసే చోట లేదా వివాదానికి కారణం ఏర్పడిన చోట మాత్రమే ఫిర్యాదు చేయవలసి వచ్చేది. 2020 జూలైలో అమలులోకి వచ్చిన కొత్త చట్టంలోని 34వ సెక్షన్ ఈ ఇబ్బందిని తొలగించింది. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా జీవనోపాధి పొందే చోట కూడా ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. కంపెనీ కార్యాలయం బెంగళూరులో ఉన్నా, కర్మాగారం తమిళనాడులో ఉన్నా, బండి హైదరాబాదులో కొన్నా ఆదోని, ఎమ్మిగనూరు, కృష్ణగిరి వాసులు కర్నూలులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. వివాదాలు ఫలానా నగర న్యాయస్థానాల పరిధిలోనే పరిష్కరించుకోవాలని బిల్లు వెనుక చిన్న అక్షరాలతో ముద్రించినా, చట్టం ఇచ్చిన ఈ అవకాశం పోదు. వివాదాన్ని మధ్యవర్తి నిర్ణయానికే వదలాలన్న షరతు ఒప్పందంలో ఉన్నా వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని ఎమార్ ఎంజీఎఫ్ సంస్థకు సంబంధించిన కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

చట్టం దృష్టిలో మూడు తప్పులు

పదేపదే చెడిపోయే వాహనం విషయంలో చట్టం మూడు అంశాలను వేరువేరుగా చూస్తుంది. మొదటిది వస్తు లోపం. నాణ్యత, పరిమాణం, సామర్థ్యం, స్వచ్ఛత, ప్రమాణాలలో ఏ కొరత ఉన్నా అది లోపమే. ఒకసారి ఛార్జి చేస్తే 120 కిలోమీటర్లు వస్తుందని రాతపూర్వకంగా హామీ ఇచ్చి, సాధారణ వాడకంలో అందులో సగం కూడా రాకపోతే ఇది వర్తించగలదు. అయితే ప్రకటనలో చూపే దూరం తరచుగా పరీక్షా పరిస్థితులలో లెక్కించినదై ఉంటుంది. కంపెనీ తన పత్రాలలో ఏ షరతులపై ఎంత దూరం చెప్పిందో చూసుకోవాలి.

రెండవది సేవా లోపం. వారంటీ ఉన్నా బండిని వారాల తరబడి షోరూంలో ఉంచడం, విడిభాగాలు రాలేదని తిప్పడం, జాబ్‌కార్డు ఇవ్వకపోవడం ఈ కోవలోకి వస్తాయి. వాహనంలో తయారీ లోపం ఉన్నట్లు రుజువు కాకపోయినా, సేవా లోపం రుజువైతే నష్టపరిహారం లభిస్తుంది.

మూడవది అనుచిత వ్యాపార పద్ధతి. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న వాక్యం మన పట్టణాలలోని బిల్లుపుస్తకాలపై తరచుగా కనిపిస్తుంది. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకొని సొమ్ము వాపసు చేయడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 చట్టం పేర్కొన్నది. బిల్లులో గడువు ఉంటే ఆ గడువులోగా, లేకుంటే 30 రోజులలోగా ఆ పని చేయాలి. అమ్మిన వస్తువుకు బిల్లు ఇవ్వకపోవడం కూడా ఇదే జాబితాలో చేరింది.

ఎన్నిసార్లు చెడితే హక్కు పుడుతుంది?

ఈ ప్రశ్నకు కొన్ని దేశాల చట్టాలు అంకెలతో జవాబు చెప్పాయి. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం 1982లో తెచ్చిన చట్టం ఇందుకు ఆద్యం. ఒకే లోపాన్ని నాలుగు సార్లు మరమ్మతు చేసినా తీరకపోతే, లేదా మరమ్మతుల కోసం కారు మొత్తం 30 రోజులు మూలపడితే యజమాని పక్షాన నిలిచే నియమం అది. అనంతరం మిగిలిన రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువును మొదటి 30 రోజులలో తిరస్కరించవచ్చు. ఆ తరువాత ఒకసారి మరమ్మతు చేసినా లోపం తీరకపోతే వాపసు ఇచ్చే హక్కు మళ్లీ పుడుతుంది.

మన దేశంలో వాహనాలకు అటువంటి ప్రత్యేక చట్టం లేదు. ఇన్నిసార్లు చెడితే కొత్త బండి ఇవ్వాలన్న లెక్క ఎక్కడా రాసి లేదు. అందువల్ల ప్రతి కేసులోనూ వివాదం ఒకే చోటికి చేరుతుంది. ఇది భాగం మార్చితే తీరే లోపమా, వాహనం పుట్టుకతోనే వచ్చిన తయారీ లోపమా అన్నది తేలాలి.

మారుతి ఉద్యోగ్ సంస్థకు సంబంధించిన కేసులో 2006లో సుప్రీంకోర్టు, లోపమున్న భాగాన్ని మార్చడం లేదా సరిచేయడమే వారంటీ కింద తయారీదారు బాధ్యత అయినప్పుడు కారు మొత్తాన్ని మార్చాలన్న ఆదేశం నిలవదని తీర్పు చెప్పింది. కంపెనీల న్యాయవాదులు తరచుగా ప్రస్తావించే తీర్పు ఇది. మరోవైపు ఫియట్ ఇండియా కేసులో 2010లో అదే న్యాయస్థానం, స్వతంత్ర సాంకేతిక నిపుణుడు పరిశీలించి తయారీ లోపం ఉన్నదని తేల్చితే వాహనం ధరతో పాటు జీవితకాల పన్ను, కంతుల సొమ్ము 12 శాతం వడ్డీతో వాపసు ఇవ్వాలని పేర్కొన్నది. ప్రీమియర్ ఆటోమొబైల్స్ కేసులో 2004లో, లోపమున్న కారును కొత్తదిగా అంటగట్టి, పైగా లోపాన్ని ఒప్పుకోకుండా కొనుగోలుదారును కోర్టుల చుట్టూ తిప్పడాన్ని సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది.

ఈ తీర్పులను కలిపి చూస్తే సామాన్యునికి అర్థమయ్యేది ఒక్కటే. లోపం ఉన్నదని చెప్పడం చాలదు. అదే లోపం, సరిచేశామన్న తరువాత కూడా, మళ్లీ మళ్లీ వచ్చిందని చూపాలి. వీలైతే నిపుణుని అభిప్రాయం జతచేయాలి.

ఒకే కథ, రెండు కాగితాలు

ఉదాహరణకు కృష్ణగిరి మండలంలోని ఒక పల్లె నుంచి రోజూ పాలు తీసుకెళ్లే వ్యక్తి జూన్ 1న 1 లక్షా 30 వేల రూపాయలకు స్కూటర్ కొన్నాడనుకుందాం. జూన్ 10న బండి ఆగిపోయింది. షోరూంకు ఫోన్ చేస్తే ఆపివేసి మళ్లీ ఆన్ చేయమన్నారు. జూన్ 28న మళ్లీ ఆగింది. షోరూంలో ఒక పూట ఉంచుకొని పంపారు. జూలై 15న ట్రాలీ ఆటోలో వేసుకొని తీసుకెళ్లాడు. 12 రోజుల తరువాత కంట్రోలర్ మార్చి ఇచ్చారు. ఆగస్టు 20న అదే లోపం మరోసారి వచ్చింది.

కొనుగోలుదారు దృష్టిలో బండి నాలుగు సార్లు చెడింది. షోరూం రికార్డులో మాత్రం వేరే కథ ఉండవచ్చు. మొదటి ఫోన్ ఎక్కడా నమోదు కాలేదు. జూన్ 28 నాటి జాబ్‌కార్డుపై "జనరల్ చెకప్" అని ఉంది. జూలైలో బండి 12 రోజులు ఉన్నా, ఇచ్చిన రోజు తేదీతోనే కార్డు తయారైంది. ఆగస్టులో కార్డే ఇవ్వలేదు. అంటే కాగితం ప్రకారం జరిగింది ఒక సాధారణ సర్వీసు, ఒక మరమ్మతు మాత్రమే. కమిషన్ ముందు మాట కంటే కాగితానికి విలువ ఎక్కువ గనుక ఈ కేసు బలహీనపడుతుంది.

అదే వ్యక్తి జూన్ 10న ఫోన్ చేసిన వెంటనే కంపెనీ ఈమెయిల్‌కు రెండు వాక్యాలు రాసి ఉంటే, ప్రతిసారీ తన మాటలలోనే లోపాన్ని జాబ్‌కార్డులో రాయించి ఉంటే, బండి అప్పగించిన తేదీ, తిరిగి తీసుకున్న తేదీ వేయించి ఉంటే కథ మారిపోతుంది. 81 రోజులలో నాలుగు సార్లు ఒకే లోపం, 12 రోజులు వాహనం లేకపోవడం, ఒక ప్రధాన భాగం మార్చినా ఫలితం లేకపోవడం అన్నీ కంపెనీ సొంత కాగితాల మీదనే కనిపిస్తాయి.

భద్రపరచవలసినవి

* బిల్లు, వారంటీ పుస్తకం, బీమా, రిజిస్ట్రేషన్, ఫైనాన్స్ ఒప్పందం, అన్ని రశీదులు.
* ప్రతి సందర్శనకు తేదీ, సమయం, కిలోమీటర్ల రీడింగ్‌తో జాబ్‌కార్డు. "కస్టమర్ చెప్పిన లోపం" అన్న గడిలో ఏమి రాశారో చదివిన తరువాతే సంతకం చేయాలి. సమస్య తీరకముందే "సంతృప్తికరం" అని సంతకం చేయరాదు.
* బండి ఆగినప్పుడు తెరపై కనిపించే హెచ్చరిక గుర్తు, బ్యాటరీ శాతం, చోటు తెలిసేలా తీసిన ఫొటోలు, వీడియోలు. వాటిని తీసిన ఫోన్‌ను కూడా జాగ్రత్త పరచాలి.
* కంపెనీ యాప్‌లో నమోదు చేసిన ఫిర్యాదు సంఖ్యలు, వాట్సాప్ సందేశాలు, ఈమెయిళ్లు.
* బండి లేనప్పుడు బస్సు, ఆటో, లారీ రవాణాకు అయిన ఖర్చుల రశీదులు.

పెట్రోలు బండికి, విద్యుత్ బండికి ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. బ్యాటరీ ఉష్ణోగ్రత, వోల్టేజీ, ఆగిపోయిన సమయం, సాఫ్ట్‌వేర్ మార్పులు వంటి సమాచారం అనేక కొత్త వాహనాలలో నేరుగా కంపెనీ కంప్యూటర్లకు చేరుతుంది. లోపాన్ని రుజువు చేసే సాక్ష్యం కొనుగోలుదారు చేతిలో కాక, ప్రతివాది చేతిలో ఉంటుందన్నమాట. పత్రాలు, ఇతర ఆధారాలు సమర్పించమని ఆదేశించే విషయంలో వినియోగదారుల కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలు ఉన్నాయి. కాబట్టి నోటీసులోనే ఆ వివరాలు భద్రపరచమని కోరడం, ఫిర్యాదుతో పాటు వాటిని తెప్పించమని కమిషన్‌కు అర్జీ పెట్టుకోవడం మంచిది.

ఎవరిని ప్రతివాదులుగా చేర్చాలి?

డీలరును మాత్రమే ప్రతివాదిగా చేర్చితే తయారీ లోపానికి తాను బాధ్యుడు కానంటాడు. కంపెనీని మాత్రమే చేర్చితే సర్వీసు ఆలస్యం డీలరు వ్యవహారమంటుంది. డీలరు చేసిన తప్పును తయారీదారుకు అంటగట్టాలంటే అందుకు తగిన ఆధారం ఉండాలని టాటా మోటార్స్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్ల అమ్మిన డీలరును, తయారీ సంస్థను ఇద్దరినీ చేర్చాలి. మొదటి ఫిర్యాదు నుంచే ప్రతి లేఖ నకలును కంపెనీకి కూడా పంపితే విషయం తమకు తెలియదన్న వాదనకు తావుండదు.

ఎలక్ట్రిక్ ఆటో నడిపేవారు, పాల వ్యాపారులు, బండిపై బట్టలమ్ముకొనేవారు తమకు ఈ చట్టం వర్తించదేమోనని సందేహించనక్కర లేదు. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు వినియోగదారులు కారని చట్టం చెప్పినా, స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి మాత్రమే కొన్న వస్తువుకు మినహాయింపు ఉంది. ఆ విషయాన్ని ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి.

బండి చెడిపోయిందన్న కోపంతో కంతులు కట్టడం ఆపివేయడం సరికాదు. అప్పు ఒప్పందం వేరు, వాహనం కొనుగోలు వేరు. కంతులు ఆగితే ఫైనాన్స్ సంస్థ బండిని స్వాధీనం చేసుకునే ప్రమాదం ఉంది. అప్పుడు లోపం చూపడానికి వాహనమే ఉండదు. కంతులు కడుతూ, ఆ వడ్డీ భారాన్ని నష్టపరిహారంలో కోరడమే సరైన దారి.

మెట్టు మెట్టుగా

తొలుత డీలరుకు, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. పరిష్కారం లభించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. హెల్ప్‌లైన్ కంపెనీకి ఫిర్యాదును పంపి జవాబు రాబట్టేందుకు ప్రయత్నిస్తుంది. అది తీర్పు చెప్పే వ్యవస్థ కాదు. అయినా అక్కడ లభించే ఫిర్యాదు సంఖ్య తరువాత ఆధారంగా ఉపకరిస్తుంది.

అప్పటికీ ఫలితం లేకపోతే నోటీసు పంపాలి. నోటీసు తప్పనిసరి అని చట్టం చెప్పకపోయినా, పంపడం మేలు. లోపం వచ్చిన తేదీలు, చేసిన మరమ్మతులు, కోరుతున్న పరిష్కారం, 15 రోజుల వంటి గడువు అందులో ఉంటే చాలు. స్పీడ్ పోస్టులో పంపి, అందినట్లు రుజువు దగ్గర ఉంచుకోవాలి. న్యాయవాది చేతనే పంపించాలన్న నియమం లేదు.

చివరి మెట్టు జిల్లా కమిషన్. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న ఫిర్యాదులను జిల్లా కమిషన్ విచారిస్తుంది. ధర 5 లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు. 5 నుంచి 10 లక్షల వరకు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షల వరకు 400 రూపాయలు, 20 నుంచి 50 లక్షల వరకు 1,000 రూపాయలు చెల్లించాలి. అంటే స్కూటర్ కొన్నవారిలో దాదాపు అందరికీ, ఎలక్ట్రిక్ ఆటో కొన్నవారిలో అనేకులకు ఫిర్యాదు ఉచితమే. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. 2025 జనవరిలో ప్రారంభమైన ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. విచారణకు వీడియో ద్వారా హాజరయ్యేందుకు అర్జీ పెట్టుకునే వీలు కూడా చట్టంలోనే ఉంది. ఆదోని నుంచి కర్నూలుకు దాదాపు 100 కిలోమీటర్లు ప్రయాణించవలసిన వారికి ఇది పెద్ద వెసులుబాటు.

స్త్రీలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, వికలాంగులకు, నిర్ణీత ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థల ద్వారా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇందుకు 15100 నంబరులో సంప్రదించవచ్చు.

గడువులు మరువరాదు

వివాదానికి కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. వారంటీ మూడేళ్లు ఉన్నదన్న ధీమాతో, ఈసారి బాగవుతుందన్న ఆశతో మరమ్మతుల చుట్టూ తిరిగేవారు ఈ గడువును దాటవేసుకొనే ప్రమాదం ఉంది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, దానిని నమ్ముకొని కూర్చోరాదు.

ఫిర్యాదును స్వీకరించాలా వద్దా అన్నది సాధారణంగా 21 రోజులలో తేల్చాలి. నోటీసు అందిన ప్రతివాది 30 రోజులలో జవాబివ్వాలి. మరో 15 రోజులకు మించి గడువు పొడిగించే వీలు లేదు. 45 రోజుల ఈ పరిమితి తప్పనిసరి అని పాత చట్టంలోని ఇటువంటి నియమంపై 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ప్రయోగశాల పరీక్ష అవసరం లేని కేసులను 3 నెలలలో, అవసరమైన వాటిని 5 నెలలలో ముగించేందుకు ప్రయత్నించాలని చట్టం చెబుతున్నది. ఆచరణలో అంతకు మించి సమయం పట్టడం సాధారణమే గనుక ఫిర్యాదుదారు ఓపికకు సిద్ధపడాలి.

లోపం పరీక్షతో గానీ తేలదని భావిస్తే కమిషన్ దానిని తగిన ప్రయోగశాలకు పంపుతుంది. 45 రోజులలో నివేదిక రావాలి. పరీక్ష రుసుమును తొలుత ఫిర్యాదుదారు జమ చేయవలసి ఉంటుంది. ఈ అర్జీని ఆరంభంలోనే పెట్టుకోవడం మేలు. ఏళ్ల తరబడి మూలపడిన బ్యాటరీని పరీక్షిస్తే అసలు లోపం ఏదో, నిల్వ వల్ల వచ్చిన నష్టం ఏదో చెప్పడం కష్టమవుతుంది.

ఏమి కోరాలి?

కొత్త బండి మాత్రమే కావాలని పట్టుపట్టి ఒకే కోరికతో ఫిర్యాదు వేస్తే, తయారీ లోపం రుజువు కానప్పుడు ఇబ్బంది పడవలసి వస్తుంది. కోరికలను వరుసగా పేర్చడం మంచిది. ధర, రిజిస్ట్రేషన్, బీమా ఖర్చులు వడ్డీతో వాపసు ఇవ్వాలని గానీ, అదే రకం కొత్త వాహనం ఇవ్వాలని గానీ మొదట కోరాలి. అది సాధ్యం కాదని కమిషన్ భావిస్తే ఉచితంగా పూర్తి మరమ్మతు చేయించి, వారంటీ పొడిగించాలని కోరాలి. ఈ రెంటితో పాటు ప్రయాణ ఖర్చులు, పోయిన సంపాదన, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగాలి. పోయిన సంపాదనకు పాల కేంద్రం రశీదులో, ఆటో రాబడి లెక్కలో ఏదో ఒక ఆధారం జతచేయాలి.

ఇరుపక్షాలు రాజీకి అవకాశం ఉందని కమిషన్ భావిస్తే, వారి రాతపూర్వక అంగీకారంతో మధ్యవర్తిత్వానికి పంపుతుంది. తీర్పు నచ్చనివారు 45 రోజులలో రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అయితే సొమ్ము చెల్లించమని ఆదేశం పొందిన కంపెనీ అందులో సగం జమ చేస్తేనే అప్పీలు స్వీకరిస్తారు. ఆదేశాన్ని పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు శిక్ష, 25 వేల నుంచి లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

నిప్పంటుకుంటే చట్టం వేరు

బండి ఆగిపోవడం వేరు, ప్రాణం మీదికి రావడం వేరు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే నెలలో విజయవాడలో మరో స్కూటర్ బ్యాటరీ పేలి ఒక వ్యక్తి ప్రాణాలు కోల్పోగా భార్య గాయపడింది. ఆ ఏడాది ప్యూర్ ఈవీ, బూమ్ మోటార్స్ సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు ఇచ్చింది. అదే ఏప్రిల్‌లో ఒకినావా 3,215, ప్యూర్ ఈవీ 2,000, ఓలా 1,441 వాహనాలను వెనక్కి పిలిచాయి. అనంతరం బ్యాటరీల భద్రతా ప్రమాణమైన ఏఐఎస్-156ను ప్రభుత్వం కఠినతరం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశలలో అమలులోకి తెచ్చింది.

లోపమున్న వస్తువు వల్ల మనిషికి, ఇతర ఆస్తికి హాని జరిగితే 2019 చట్టంలోని ఉత్పత్తి బాధ్యత అధ్యాయం వర్తిస్తుంది. అయితే వాహనానికే కలిగిన నష్టం ఆ అధ్యాయం కిందకు రాదు. దానికి వస్తు లోపం, సేవా లోపం కిందనే పరిహారం అడగాలి. ఫిర్యాదు రాసేటప్పుడు ఈ తేడా గమనించాలి. వస్తువును దుర్వినియోగం చేశారని, మార్పులు చేశారని రుజువైతే ఉత్పత్తి బాధ్యత నిలవదు. ఊరి మెకానిక్ చేత బ్యాటరీ విప్పించడం, వేరే ఛార్జర్ వాడడం వల్ల ప్రాణానికే గాక కేసుకూ ముప్పే.

ఒకే లోపం అనేక వాహనాలలో కనిపించి ప్రజలకు ప్రమాదకరంగా మారితే మోటారు వాహనాల చట్టంలోని 110-ఏ సెక్షన్ కింద ఆ వాహనాలను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. అప్పుడు కంపెనీ పూర్తి ధర వాపసు ఇవ్వడమో, వాహనం మార్చడమో, మరమ్మతు చేయడమో జరగాలి. 2021 ఏప్రిల్ నుంచి ఈ నిబంధన అమలులో ఉంది.

పది వేల ఫిర్యాదులు చెప్పినదేమిటి?

2023 సెప్టెంబరు 1 నుంచి 2024 ఆగస్టు 30 వరకు ఒక్క ఓలా ఎలక్ట్రిక్‌పైనే జాతీయ హెల్ప్‌లైన్‌కు 10,644 ఫిర్యాదులు అందాయి. వాటిలో 3,389 సర్వీసు ఆలస్యానికి, 1,899 కొత్త వాహనం అప్పగింతలో జాప్యానికి, 1,459 హామీ ఇచ్చిన సేవలు అందకపోవడానికి సంబంధించినవి. 2024 అక్టోబరులో ప్రాధికార సంస్థ ఆ కంపెనీకి సంజాయిషీ నోటీసు ఇచ్చింది. 99.1 శాతం ఫిర్యాదులను పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. అంతకు ముందు నెలలో, కర్నూలుకు పొరుగునే ఉన్న కల్యాణ కర్ణాటకలోని కలబురగిలో బండి బాగుచేయలేదన్న ఆగ్రహంతో ఒక యువకుడు షోరూంకు నిప్పు పెట్టి అరెస్టయ్యాడు. న్యాయం తన వైపు ఉన్న మనిషి నిందితుడిగా మారడం ఎవరికీ మేలు చేయదు.

ఇటువంటి సామూహిక చర్యలు కంపెనీల తీరు మార్చడానికి ఉపకరిస్తాయి. కానీ వ్యక్తిగతంగా ఒక కొనుగోలుదారు సొమ్ము ఇంటికి రావాలంటే జిల్లా కమిషన్‌లో తన ఫిర్యాదు తానే వేయాలి.

కొనేముందే...

రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కరలేని చిన్న స్కూటర్లు కొనేవారు మరింత జాగ్రత్త పడాలి. మోటారు సామర్థ్యం 250 వాట్లకు, గరిష్ఠ వేగం గంటకు 25 కిలోమీటర్లకు లోబడి ఉన్నప్పుడే ఆ మినహాయింపు వర్తిస్తుంది. వీటికి రవాణా శాఖ రికార్డు ఉండదు గనుక బిల్లే ఏకైక రుజువు. ఛాసిస్, మోటారు, బ్యాటరీ సంఖ్యలు మూడూ బిల్లులో రాయించాలి. ఏ బండి అయినా బ్యాటరీకి, మోటారుకు, ఛార్జరుకు వారంటీ వేరువేరుగా ఎన్నేళ్లో, సర్వీసు కేంద్రం ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఉందా లేక కర్నూలు వెళ్లాలా అన్నది ముందే అడిగి రాయించుకోవాలి. ఇప్పటికే బండి కొని ఇబ్బంది పడుతున్నవారు మొదటి లోపం వచ్చిన తేదీని గుర్తు చేసుకొని, రెండేళ్ల గడువు ఎప్పటితో ముగుస్తుందో లెక్క చూసుకోవడం తక్షణ కర్తవ్యం.